చిటికెన వేలి మూలం మెడలో

భిలాయిలోని పవర్ హౌస్‌లో బతుకంతా చేతి పని మీదే నడుస్తుంది. రైల్వే స్టేషన్‌లో దిగి మార్కెట్ దాటి నందినీ రోడ్డు పట్టుకుంటే వెల్డింగ్ షాపులు, గ్రైండర్ల రొద, కుట్టుమిషన్లు, టైర్ల కొట్లు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చినవాళ్లు క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో నిలదొక్కుకున్నారు. వాళ్ల మనవళ్లు ఇంట్లో తెలుగు, పనిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. ఏ భాషలోనైనా నలభై దాటినవాళ్ల నోట తరచు వినబడే మాట ఒకటుంది: చెయ్యి తిమ్మిరెక్కుతోంది.

ఈ తిమ్మిరికి బజారులో నూనెలకు కొదవ లేదు. గుడ్డ పరిచి వేళ్లూ బెరళ్లూ పోసుకుని కూర్చున్న జడీబూటీ వాడు మోకాలికీ నడుముకీ చేతికీ ఒకే సీసా తీసి ఇస్తాడు. 'నస్ దబ్ గయీ హై, మాలిష్ కరో' అంటాడు. వాడి మాటలో సగం నిజం ఉంది. నరం నలిగిన మాట చాలాసార్లు నిజమే. ఎక్కడ నలిగిందో వాడు అడగడు, చూడడు. వాడి సీసాల మీద కనిపించే బాబూనా, సురంజాన్ అనే పేర్లు మాత్రం పారసీక వైద్య గ్రంథాల నుంచి వచ్చినవి. ఆ గ్రంథాలు రాసినవాళ్లు వాడు అడగని ప్రశ్ననే ముందు అడిగారు. అందుకే ఆ వైద్యాన్ని దగ్గరగా చూడాలనిపిస్తుంది.

తెలుగు నేలకు ఆ వైద్యం పరాయిది కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీలకూ ఇరాన్‌కూ రాకపోకలు ఎక్కువ. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర పేష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ కాస్పియన్ సముద్రం పక్కనున్న అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు. చార్మినార్ లేచిన కొద్ది ఏళ్లకే, 1595 ప్రాంతంలో, మూసీకి దగ్గరలో దారుల్‌షిఫా కట్టారు. రోగులు ఉండటానికీ హకీములు పాఠాలు చెప్పటానికీ అందులోనే చోటు. ఆసుపత్రి పోయినా పేటకు ఆ పేరు మిగిలింది. ఏడో నిజాం కాలంలో చార్మినార్ పక్కనే పెద్ద యునానీ ఆసుపత్రి వచ్చింది, నిజామియా తిబ్బీ కాలేజీ దానికి తోడుగా నడుస్తోంది. మనం యునానీ అనేదీ, ఇరాన్ వాళ్లు తమ సంప్రదాయ వైద్యం అనేదీ ఒకే గ్రంథాల మీద నిలిచినవి. మీర్ మోమిన్ వచ్చిన ప్రాంతానికే చెందిన ఇస్మాయీల్ జుర్జానీ, అంతకు నాలుగైదు శతాబ్దాల ముందే, అరబీలో సాగుతున్న వైద్యశాస్త్రాన్ని 'జఖీరా-ఎ-ఖ్వారజ్మ్‌షాహీ' అనే పెద్ద గ్రంథంగా పారసీక భాషలోకి తెచ్చాడు.

ఈ సంప్రదాయానికి పునాది వేసిన గ్రీకు వైద్యుడు గాలెన్. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేశాడు. చేతి నరాల గురించి ఆయన చెప్పిన ఒక కేసు వైద్య విద్యార్థులు ఇప్పుడు చదివినా పాఠమే. సిరియా నుంచి వచ్చిన పౌసానియస్ అనే పండితుడికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలిలో సగం మొద్దుబారిపోయాయి. వేళ్లు కదులుతున్నాయి, స్పర్శ మాత్రం లేదు. వైద్యులు వేళ్లకే లేపనాలు పూస్తున్నారు, గుణం లేదు. గాలెన్ వచ్చి, దెబ్బ ఏదైనా తగిలిందా అని అడిగాడు. చేతికేమీ తగల్లేదు. గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది: ప్రయాణంలో బండి మీంచి పడ్డాడు, మెడ కింద వీపు భాగం రాయికి కొట్టుకుంది. అది మానిపోయిందనుకుని మరిచిపోయాడు. గాలెన్ మందును వేళ్ల మీంచి తీయించి వెన్నెముక మీద, ఏడో మెడపూస దిగువన నరం బయటికొచ్చే చోట వేయించాడు. పౌసానియస్ కోలుకున్నాడు.

లేపనం వల్లే కోలుకున్నాడని చెప్పలేం. కమిలిన నరం కొన్ని వారాలకు దానంతటదే తేరుకోవడం మామూలే. ఆ కేసులో మిగిలే అసలు విషయం నిర్ధారణ. ఏడో మెడపూస కింద నుంచి వచ్చే నరాన్ని ఇవాళ వైద్యులు సి-8 అంటారు. చిటికెన వేలు, ఉంగరపు వేలు దాని పరిధిలోవే. ఎక్స్‌రే లేదు, ఎమ్మారై లేదు, విద్యుత్ పరీక్ష లేదు. ఏ వేళ్లు మొద్దుబారాయో చూసి, జంతువుల శరీరాలు కోసి నేర్చుకున్న నరాల దారిని వెనక్కి పట్టుకుని వెళ్లి మెడలో ఆగాడు. వేలు కదులుతూనే స్పర్శ ఎలా పోయిందని తోటి వైద్యులు తలలు పట్టుకుంటే, చర్మానికి వెళ్లే నరాలు వేరు, కండరాలకు వెళ్లేవి వేరు అని వివరించాడు.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన శిష్యులు గాలెన్ రచనలను సిరియాక్, అరబీ భాషల్లోకి తెచ్చారు. అక్కణ్నుంచి ఆ జ్ఞానం ఇరాన్ వైద్యుల చేతికి వచ్చింది. వాళ్లలో అగ్రగణ్యుడు ఇబ్న్ సీనా. 980లో బుఖారా దగ్గర పుట్టాడు, 1037లో హమదాన్‌లో పోయాడు. 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' ఆయన ఐదు భాగాల మహాగ్రంథం. అందులో మెడ నుంచి ఎనిమిది జతల నరాలు బయలుదేరతాయని, ఒక్కొక్కటి ఎటు వెళ్తుందో వివరంగా ఉంటుంది. మెడపూసలు ఏడే అయినా నరాల జతలు ఎనిమిది. ఆ లెక్క ఈనాటి అనాటమీ పుస్తకంలోనూ అంతే.

తిమ్మిరిని ఆయన ఖదర్ అన్నాడు. మెదడు నుంచి స్పర్శనూ కదలికనూ మోసుకెళ్లే సూక్ష్మశక్తి ఒకటి నరాల వెంట ప్రవహిస్తుందని, దానికి అడ్డు పడితే తిమ్మిరి వస్తుందని ఆ వైద్యుల నమ్మకం. అడ్డు పడటానికి చాలా కారణాలు చెప్పారు: చలి, చిక్కబడిన బల్గమ్ అంటే కఫం, విషాలు, నరం మీద బయటి నుంచి పడే నొక్కుడు. నరం స్వభావతః చలువదని వాళ్ల లెక్క. దానిపైన చల్లటి, తడి గుణమున్న కఫం చేరితే మరింత మందగిస్తుంది. కాబట్టి చికిత్సంతా వేడి పుట్టించే దిశలో నడుస్తుంది. హకీం నాడి చూస్తాడు, మూత్రం రంగు చూస్తాడు, నిద్ర, తిండి, ఋతువు, చేసే పని అన్నీ అడుగుతాడు. ముందు తిండి మార్పు: చల్లటివి, జిగటగా ఉండేవి తగ్గించాలి. తర్వాత దోషాన్ని పక్వం చేసే కషాయాలు, వాటికి ముంజిజ్ అని పేరు. ఆ తర్వాత విరేచనం. ఒళ్లు శుభ్రపడిందనుకున్నాకే నూనె మర్దన, గోరువెచ్చటి కషాయం ధారగా పోయడం, ఒంటి మీద కప్పులు బోర్లించి లాగే కప్పింగ్ లాంటివి. నూనె రాసేటప్పుడు తిమ్మిరెక్కిన చోటితో ఆగకుండా నరం మొదలయ్యే చోటుకూ రాయమన్నారు. చేతికైతే మెడకు.

కఫం నరంలో పేరుకుంటుందన్న మాట నిలబడదు. సూక్ష్మదర్శినిలో ఎవరికీ ఆ దోషం కనబడలేదు. ఇబ్న్ సీనా జాబితాలో చిట్టచివర కనిపించే ఆ 'నొక్కుడు' మాత్రం ఇవాళ చేతి తిమ్మిరికి అన్నిటికన్నా పెద్ద కారణం.

మణికట్టు లోపలి వైపు, అరచేయి మొదలయ్యే చోట ఎముకలు దొన్నెలా వంగి ఉంటాయి. పైన గట్టి పట్టీ లాంటి బంధనం కప్పుతుంది. ఆ ఇరుకు దారిలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం వెళ్తాయి. తొమ్మిది గట్టి తాళ్ల మధ్య మెత్తటిది నరం ఒక్కటే. స్నాయువుల చుట్టూ ఉండే పొర కాస్త ఉబ్బినా నలిగేది అదే. 1981లో గెల్బర్‌మన్ బృందం ఆ దారిలోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరస మట్టం. తిమ్మిరి ఉన్నవాళ్లలో 32. వాళ్లే మణికట్టును పూర్తిగా వంచితే 94. నరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోవడానికి ఆ ఒత్తిడి చాలు. నిద్రలో మనం తెలియకుండానే మణికట్టు వంచి పడుకుంటాం. అందుకే ఈ జబ్బు రాత్రి లేపుతుంది.

మార్కెట్‌లో జాకెట్లు కుట్టే ఒకామె, టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చినామె, నాకు చూపించిన తీరు ఏ పాఠ్యపుస్తకంలోనూ అంత స్పష్టంగా ఉండదు. 'ఏమైందప్పా చేతికి' అని అడిగితే కత్తెర పక్కన పెట్టింది. "రేతిరి పన్నెండు దాటిందంటే సెయ్యి మొద్దుబారిపోతాది బాబూ. ఇలా ఇదిలిత్తే గాని పేనం కుదుటపడదు" అంటూ థర్మామీటర్ దులిపినట్టు చేతిని రెండుమూడుసార్లు విదిలించింది. ఏ వేళ్లు అంటే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు ముట్టుకుని చూపించింది. చిటికెన వేలు బాగుందా అంటే, దానికేం, శుభ్రంగా ఉంది అంది. ఆ విదిలింపునూ, ఆ వేళ్ల లెక్కనూ కలిపితే జబ్బు పేరు దాదాపు ఖాయమైనట్టే. వైద్యులు దాన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలికి మీడియన్ నరంతో పని లేదు, అది అల్నర్ నరం సొత్తు. ఉంగరపు వేలిని ఆ రెండు నరాలూ సగం సగం పంచుకుంటాయి.

కాబట్టి చెయ్యి తిమ్మిరంటే ముందు వేళ్లు లెక్కపెట్టాలి. మొదటి మూడు వేళ్లైతే మణికట్టు. చివరి రెండైతే చాలాసార్లు మోచేయి: లోపలి ఎముక తగిలితే జిల్లుమనే చోటే అల్నర్ నరం నడిచే గాడి. మెడ నుంచి భుజం మీదుగా నొప్పి పాకుతూ వస్తే మెడపూసలు. రెండు చేతులూ, వాటికి ముందే రెండు పాదాలూ మొద్దుబారితే మధుమేహం, బి12 లోపం లాంటివి వెతకాలి. ఒక్కోసారి రెండు చోట్ల నలగవచ్చు. మెడలో కాస్త నలిగిన నరం మణికట్టు దగ్గర కొద్దిపాటి ఒత్తిడికే లొంగిపోతుందని 1973లో అప్టన్, మెకోమాస్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. దాని మీద వాదన ఇంకా తెగలేదు.

వేళ్లు తెల్లబడి మొద్దుబారడం మరో సంగతి. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కే కార్మికుల చేతులు పరీక్షించింది. గాలి ఒత్తిడితో నడిచే సుత్తుల అదురు వేళ్లలోని రక్తనాళాలనూ నరాలనూ పాడు చేస్తోందని, చలికాలంలో వేళ్లు పాలిపోతున్నాయని రాసింది. భిలాయి కొలుముల్లోకి వెళ్లే సున్నపురాయి నందిని గనుల నుంచి, ఇనుప ఖనిజం దల్లీ రాజహరా నుంచి వస్తాయి. గనిలో డ్రిల్లు పట్టుకునేవాడికీ, వర్క్‌షాపులో పొద్దస్తమానం గ్రైండర్ పట్టుకునేవాడికీ హామిల్టన్ చెప్పింది వర్తిస్తుంది. అలాంటి చేతికి ఏ నూనె రాసినా మర్నాడు మళ్లీ అదే మిషన్ అదే అదురు. అక్కడ మందు కన్నా ముందు కావలసింది పని గంటల్లో మార్పు, అదురు తగ్గించే పనిముట్టు, వెచ్చని చేతి తొడుగు.

ఇక నూనెల సంగతి. ఇబ్న్ సీనా తన ఖానూన్ రెండో భాగంలో మందును ఎలా పరీక్షించాలో నియమాలు పెట్టాడు. మందు స్వచ్ఛంగా ఉండాలి, కలగాపులగమైన జబ్బు మీద కాక ఒక్క జబ్బు మీద చూడాలి, ఫలితం ఎప్పుడు కనబడిందో గమనించాలి, ప్రతిసారీ కనబడుతుందో లేదో తేల్చాలి. చివరిగా మనిషి మీదే చూడాలి, సింహం మీదో గుర్రం మీదో పనిచేసింది మనిషికి పనిచేస్తుందని చెప్పలేం. వెయ్యేళ్ల నాటి ఈ నియమాలను ఆయన సొంత మందులకు అన్వయించే పని మొన్నమొన్న మొదలైంది. ఈ శతాబ్దం మొదటి దశకంలో ఇరాన్ వైద్య విశ్వవిద్యాలయాల్లో సంప్రదాయ వైద్యానికి పరిశోధన శాఖలు వచ్చాయి. వాటి నుంచి వచ్చిన పనిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది షిరాజ్‌లో జరిగిన అవిసె నూనె పరీక్ష.

2014లో అచ్చైన ఆ అధ్యయనంలో కార్పల్ టనెల్ జబ్బు ఓ మోస్తరుగా ఉన్న 100 మందిని తీసుకున్నారు. సగం మందికి అవిసె నూనె, మిగతా సగానికి మందులేని నూనె లాంటిది ఇచ్చి నాలుగు వారాలు మణికట్టుకు రాయించారు. ఏది ఎవరికి దక్కిందో రోగికీ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. రాత్రిపూట మణికట్టు వంగకుండా అందరికీ పట్టీ కట్టించారు. నెల తర్వాత అవిసె నూనె వాళ్లలో బాధ ఎక్కువ తగ్గింది, చేతి పనులు తేలికయ్యాయి. నరంలో సంకేతం పరిగెత్తే వేగం కొద్దిగా మెరుగైంది, మిగతా విద్యుత్ కొలతల్లో తేడా కనబడలేదు. బాబూనా నూనె మీద కూడా అదే బృందం పరీక్షలు చేసి లక్షణాలు తగ్గాయని చెప్పింది.

ఇది చిన్న అధ్యయనం, నాలుగు వారాల కథ. ఏడాది తర్వాత ఆ చేతులు ఎలా ఉన్నాయో ఇది చెప్పదు. అయినా ఛత్తీస్‌గఢ్‌లో కూర్చుని చదివితే మనసు ఆగదు. దుర్గ్ చుట్టుపక్కల పల్లెల్లో వరి కోతకు ముందు, పొలంలో తడి ఆరకముందే అవిసె గింజలు చల్లేస్తారు. ఉతేరా అంటారు దాన్ని. వరి కోసేసరికి అవిసె మొలకెత్తి ఉంటుంది, చలికాలంలో నీలం పువ్వులు పూస్తుంది. అదే ఉతేరాలో తివరా కూడా చల్లుతారు. తివరా పప్పే నెలల తరబడి ప్రధాన ఆహారమైతే అందులోని విషం కదలికను నడిపించే నరకణాలను దెబ్బతీసి కాళ్లు చచ్చుబడేలా చేస్తుంది. నరానికి హాని చేసే పంట, నరానికి కొంత ఊరట ఇస్తుందని ఆశ కలిగించిన పంట పక్కపక్కనే పండుతున్నాయి.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. గానుగలో ఆడించిన అవిసె నూనె వేరు, హార్డ్‌వేర్ కొట్లో రంగుల్లో కలపడానికి అమ్మే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ వేరు. రెండోదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. అది తలుపులకు, కిటికీలకు. ఒంటికి కాదు.

రాసిన నూనె ఆ బంధనం కింద ఉన్న నరం దాకా దిగుతుందా అంటే నాకు అనుమానమే. ఊరట రావడానికి వేరే దారులున్నాయి. తోలు మీద రుద్దితే స్పర్శ నరాలు మేల్కొని, వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని అణచివేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ చెప్పారు. దెబ్బ తగలగానే చెయ్యి అక్కడికే వెళ్లి రుద్దడం అందుకే. వేడి, చలువ అనే పాత లెక్కకు కూడా నరాల అంచుల్లో ఒక ఆధారం దొరికింది. మిరప ఘాటుకూ నిజమైన వేడికీ ఒకే గ్రాహకం స్పందిస్తుందని 1997లో, పుదీనా పువ్వుకూ నిజమైన చలికీ మరో గ్రాహకం స్పందిస్తుందని 2002లో తేలింది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ వచ్చింది ఈ దారిలో చేసిన పనికే. 1920లో హైదరాబాద్‌లో ఒక హకీం తయారు చేసిన జిందా తిలిస్మాత్ మూత తీయగానే ముక్కుకు తగిలే కర్పూరం, పుదీనా పువ్వు, ఓమ పువ్వు ఈ జాతి పదార్థాలే. నరం చివర తాకే కబురు అవి కాసేపు మార్చగలవు. మణికట్టులో నలుగుతున్న నరాన్ని వదులు చేయలేవు.

కప్పింగ్ మీద జర్మనీలో ఒక పరీక్ష జరిగింది. 2009లో అచ్చయింది. కార్పల్ టనెల్ ఉన్న 52 మందిలో కొందరికి రక్తం తీసే కప్పింగ్, మిగతావాళ్లకు వేడి కాపడం. కప్పు పెట్టింది మణికట్టు మీద కాదు, మెడకూ భుజానికీ మధ్య కండ మీద. వారం తర్వాత కప్పింగ్ వాళ్లకే ఎక్కువ ఉపశమనం. నరం మొదట్లో చికిత్స చేయాలన్న గాలెన్, ఇబ్న్ సీనాల మాటను గుర్తు చేసే ఫలితం కాబట్టి ఆకర్షణగానే ఉంటుంది. కానీ ఒంటి మీద గాటు పెట్టారో లేదో రోగికి తెలియకుండా దాచలేం. గొప్ప చికిత్స జరిగిందన్న నమ్మకం నొప్పిని తగ్గిస్తుంది. గమనించింది ఏడు రోజులే. ఆ ఆధారం మీద ఎవరినీ కప్పింగ్‌కు పంపను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు, మధుమేహంతో గాయాలు మానని వాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడే చోట ఎవరూ కూర్చోకూడదు.

నోటి ద్వారా తీసుకునే మందుల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. సురంజాన్ గడ్డలో కొల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది. గౌట్ వాపుకు అది నిజంగా పనిచేసే మందు, అల్లోపతీ కూడా దాన్నే వాడుతుంది. మోతాదు మించితే ప్రాణాంతకం, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఎక్కువకాలం వాడితే నరాలనూ కండరాలనూ అదే దెబ్బతీస్తుంది. లోహాలను భస్మం చేసి ఇచ్చే కుష్తాల్లో పాదరసం, సీసం, ఆర్సెనిక్ చేరే అవకాశం ఉంది. సీసం ఒంట్లో చేరితే మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతుంది. నరాల నొప్పికి తిన్న మందు నరాన్నే చంపడం కన్నా ఘోరం ఏముంటుంది? చీటీ లేని పొట్లాన్ని, పదార్థాల పేర్లు లేని డబ్బాను నమ్మవద్దు. చదువుకున్న యునానీ వైద్యుడు తానిచ్చేది ఏమిటో కాగితం మీద రాసి ఇస్తాడు.

ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. దేశంలో కుష్ఠు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఇది ఒకటి. కుష్ఠు క్రిమి ఇష్టపడి చేరే చోట్లలో మోచేయి దగ్గరి అల్నర్ నరం ముఖ్యమైనది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారడం, అవి మెల్లగా ముడుచుకుపోవడం, ఒంటి మీద ఎక్కడో స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ, మోచేయి లోపల తాడులా లావెక్కిన నరం: వీటిలో ఏది కనబడినా నూనె సీసా పక్కన పెట్టి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కుష్ఠుకు మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. సిగ్గుతో, భయంతో ఇంట్లో మాలిష్ చేసుకుంటూ గడిపిన నెలల్లో పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. ఆ వేళ్లకు పొయ్యి మీది గిన్నె కాలినా తెలియదు.

కుట్టుపనామె లాంటివాళ్లకు దారి ఇంత కష్టం కాదు. రాత్రి మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ ఆరు వారాలు కట్టుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించాలి. గర్భిణులకు ఒంట్లో నీరు చేరి వచ్చిన తిమ్మిరి కాన్పు తర్వాత సాధారణంగా తగ్గిపోతుంది. పట్టీతో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ సూది, దానికీ లొంగకపోతే పైనున్న బంధనాన్ని కోసి నరానికి చోటు ఇచ్చే చిన్న ఆపరేషన్. చేతి వరకే మత్తు ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. పట్టీతో పాటు గానుగ అవిసె నూనె రాసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. షిరాజ్‌లో వాళ్లు చేసిందీ అదే, పట్టీ మానేసి నూనె ఒక్కటే రాయమని వాళ్లూ చెప్పలేదు.

గడువు మాత్రం ఉంది. బొటనవేలి కింద అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే కండ చదునుగా మారుతోందా అని రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూసుకోవాలి. జాకెట్ హుక్కు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందా గమనించాలి. తెగిన నరపు తంతువు మళ్లీ పెరిగేటప్పుడు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు నుంచి మధ్య వేలి కొస దాకా చేరాలంటే ఆరేడు నెలలు. మెడ దగ్గర దెబ్బతింటే వేలి కొసకు చేరడానికి రెండేళ్లు దాటుతుంది. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాకా ఎదురుచూడగలదు. ఆ పైన కండ ఉండాల్సిన చోట కొవ్వు, పీచు చేరిపోతాయి, అప్పుడు నరం వచ్చి చేరినా బొటనవేలు లేవదు.